పగటి నిద్రకు ఒక గోడ

మా ఆయన పడుకునే వేళకే బస్తర్‌లోని మా ఊరు గీదం నిద్ర లేస్తుంది. ఆయన రైల్వేలో పాయింట్స్‌మన్. ఇనుప ఖనిజం మోసుకుని విశాఖ వైపు దిగే గూడ్సు బళ్ళకు దారి మార్చి జెండా చూపించే ఉద్యోగం. నెలలో సగానికి పైగా రాత్రి డ్యూటీలే. పొద్దున్నే ఇంటికొచ్చి, స్నానం చేసి, రెండు ముద్దలు తిని మంచమెక్కేసరికి మా అద్దె ఇంటి ముందు లారీలు వరస కట్టేవి. దంతెవాడ పోయేవి, బీజాపూర్ పోయేవి, జగదల్‌పూర్ పోయేవి, అన్నీ ఆ కూడలిలోనే మలుపు తిరగాలి. ప్రతి డ్రైవరూ తన హారన్ పనిచేస్తోందో లేదో మా కిటికీ దగ్గరే చూసుకునేవాడు. ఇంటి పైన సిమెంటు రేకులు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ రేకుల కింద పడుకోవడమంటే పెనం మీద పడుకున్నట్టే ఉండేది.

నాకేమో నిలకడ తక్కువ. కాళ్ళు ఒకచోట ఆగవు, నోరు అసలే ఆగదు. సరిహద్దు ఊరైన కొంటాలో కిరాణా కొట్టు నడిపిన ఇంట్లో పుట్టినదాన్ని, బేరాల కేకల మధ్యే పెరిగాను. ఆయనది విజయనగరం వైపు నుంచి ఈ లైను మీదికి వచ్చిన రైల్వే కుటుంబం. నేను ‘ఏంది’ అంటే ఆయన ‘ఏటి’ అంటాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకూ ఆ విషయంలో ఒకరినొకరు వెక్కిరించుకోవడం మానలేదు. ఆయన పడుకున్నంతసేపూ నేను ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరిగేదాన్ని. కుక్కర్ పెట్టకూడదు, మిక్సీ వెయ్యకూడదు, గిన్నె చేతిలోంచి జారకూడదు. ఇంత కాపలా కాసి, తలుపు సందులోంచి చూస్తే ఆయన కళ్ళు తెరుచుకుని రేకుల వంక చూస్తూ ఉండేవాడు. నాకు జాలి కన్నా ముందు కోపం వచ్చేది. లారీల మీద చూపించాల్సిన కోపం ఆయన మీద చూపించేదాన్ని.

ఒక పొద్దున డ్యూటీ నుంచి వచ్చి, కంచం ముందు కూర్చుని, ముద్ద కలపకుండా అలాగే ఉండిపోయాడు. ఏందని రెండుసార్లు అడిగాను. చివరికి చెప్పాడు. స్టేషన్‌లో స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండగా, స్టేషన్ మాస్టర్ లోపలి నుంచి పిలిచాడట. పిలిచి పిలిచి, పలక్కపోతే, మాస్టరే లేచి వచ్చి భుజం తట్టాడట. ఆ కాసేపూ బండి సిగ్నల్ దగ్గర ఆగింది. అంతకుమించి ఏమీ జరగలేదు.

“నా కళ్ళు తెరిసే ఉన్నాయంట. మాస్టరు పిలస్తంటే నాకు ఇనబడనేదే,” అన్నాడు. “ఇంకోపాలి ఇలగైతే మరి నాను ఉండను. నౌకరీ వొద్దని రాసిచ్చీసి ఎలిపోతాను.”

ఇంట్లో లారీ హారన్‌కు ఉలిక్కిపడి లేచే మనిషికి, పక్క గదిలోంచి తన పేరు పెట్టి పిలిచిన పిలుపు వినపడలేదు. నాకు నిజంగా భయం వేసింది. ఉద్యోగం మానేస్తే ఎలా బతకాలన్న భయం ఒకటైతే, మానకుండా అలాగే పోతూ ఉంటే ఏ రోజు ఏం వినాల్సి వస్తుందోనన్న భయం అంతకన్నా పెద్దది. ఆయనకు పగలు నిద్ర పట్టాలి. అది పట్టేలోగా ఇంకేమీ కాకూడదు. ఆ రోజు నుంచి నా బుర్రలో ఇంకో ఆలోచన లేదు.

ఊళ్ళోనే, రోడ్డుకు రెండో వరసలో, మాకు చిన్న స్థలం ఉంది. ఎప్పుడో ఒకప్పుడు కట్టుకుందామనుకున్న ఇల్లు ఇప్పుడే కట్టాలన్నాను. రెండో వరస అయినంత మాత్రాన హారన్ మోత తగ్గదు కాబట్టి గోడే దాన్ని ఆపాలి, ఎండనూ ఆపాలి. అప్పటి నుంచి ఎవరింటికి వెళ్ళినా నేను గోడలు తట్టడం మొదలుపెట్టాను. కాఫీ ఇచ్చేలోపు వేలి మెటికలతో టకటకమని కొట్టి చూసేదాన్ని. ఎర్ర ఇటుక గోడ పగలంతా ఎండ తాగి సాయంత్రం లోపలికి వదిలేది. బూడిద ఇటుకా అంతే. తేలిక దిమ్మెల గోడ చల్లగానే ఉంది కానీ, దాని పక్కన నిలబడితే బయట స్కూటర్ స్టార్ట్ చేసిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

జగదల్‌పూర్‌లో మా తమ్ముడికి హార్డ్‌వేర్ కొట్టు ఉంది. రాయ్‌పూర్ నుంచి వచ్చిన ఒక సేల్స్ మనిషి అక్కడ కౌంటర్ మీద ఒక నమూనా దిమ్మె పెట్టి పోయాడు. రెండు మందపాటి థర్మోకోల్ పలకలు, మధ్యలో జానెడు ఖాళీ, ఆ రెంటినీ పట్టి ఉంచే ప్లాస్టిక్ పట్టీలు. వీటిని ఒకదాని మీద ఒకటి పళ్ళు కలిసేలా పేర్చి, మధ్యలో ఇనుప చువ్వలు కట్టి, కాంక్రీటు పోస్తారు. మామూలుగా పోత పోశాక చెక్కలు ఊడదీస్తాం కదా, ఇక్కడ ఊడదీసేది ఏమీ లేదు. థర్మోకోల్ రెండు వైపులా గోడలోనే ఉండిపోయి వేడినీ చప్పుడునూ ఆపుతుంది. మా తమ్ముడు దాన్ని చూపించి నవ్వాడు. నేను నవ్వలేదు, ఆ మనిషి నంబర్ అడిగాను.

పాపం, ఆ సేల్స్ మనిషిని చాలా సతాయించాను. ఏది అడిగినా ‘టెన్షన్ మత్ లో, దీదీ’ అనేవాడు. టెన్షన్ తీసుకోవడమే నా పని. రెండు కంపెనీల దిమ్మెలు తెప్పించి, పట్టీలను చేత్తో మెలితిప్పి చూశాను. ఒకదాని పట్టీలు పటుక్కుమన్నాయి, వాటిని అక్కడే పక్కన పెట్టేశాను. టీవీ డబ్బాలో వచ్చిన మామూలు థర్మోకోల్ ముక్కనూ, దిమ్మెలోంచి విరిచిన ముక్కనూ పెరట్లో అగ్గిపుల్లతో అంటించి చూశాను. మొదటిది నల్లపొగ కక్కుతూ మొత్తం కాలింది. రెండోది ముడుచుకుని, పుల్ల తీసేయగానే ఆరిపోయింది. అయినా దాన్ని గదిలోపల బయటికి కనిపించేలా వదలకూడదనీ, సన్న తీగల జాలీ కొట్టి ప్లాస్టర్ చేసి తీరాలనీ వాళ్ళ ఇంజనీర్ ఫోన్‌లో చెప్పాడు. చెదల సంగతి నేనే అడిగాను. బస్తర్‌లో ఇల్లు కడుతూ చెదలను మరిచిపోయేవాళ్ళు ఉండరు. థర్మోకోల్‌ను అవి తినవు గానీ, అందులో దారి తొలుచుకుని పైకి పోతాయట. పునాదికి మందు కొట్టాలి, దిమ్మె నేలకు తగలకుండా కాస్త ఎత్తు నుంచి మొదలుపెట్టాలి.

అంతా అయినా నమ్మకం కుదరలేదు. ఇలా కట్టిన గదిని చూపిస్తే తప్ప కొననన్నాను. రాయ్‌పూర్ దాకా బస్సులో పోయాను. హైవే పక్కన ఒక చిన్న ఆఫీసు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను. కిటికీ అద్దం అవతల ట్రక్కులు పోతూ కనిపించాయి గానీ వాటి చప్పుడు ఎక్కడో దూరంగా ఉంది. నేల మీద కూర్చుండిపోయాను. నాకు ఒంట్లో బాగాలేదనుకుని అక్కడి వాచ్‌మన్ మంచినీళ్ళు తెచ్చాడు. ఆ గ్లాసు పట్టుకుని ఏడ్చాను, ఎందుకో అతనికి చెప్పలేకపోయాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన, “నన్ను ఐసుపెట్టిలో పెట్టీస్తావేటే?” అన్నాడు. ఇరుగుపొరుగు వాళ్ళు ఇంకా ముందుకు పోయారు. థర్మోకోల్‌తో పెళ్ళి మండపం కడతారు గానీ ఇల్లు కడతారా అని ఒకరు, ఎలుకలకు పండగే అని ఇంకొకరు. మేస్త్రీ గీదం మనిషే. మాతో హిందీలో, కూలీలతో ఇక్కడి భాష హల్బీలో మాట్లాడేవాడు. అతను దిమ్మెను ఒంటి చేత్తో పైకెత్తి చూసి, దానికి ‘ఖోఖా’ అని పేరు పెట్టాడు. ఖాళీ డబ్బా అని. మా వీధిలో ఆ పేరే నిలబడిపోయింది.

డబ్బాలు పేర్చడం చకచకా సాగింది. మొదటి వరస సమంగా ఉంటే పైవన్నీ వాటంతట అవే కూర్చున్నాయి. గోడ లేచింది కానీ అది ఇంకా గోడ కాదు, చేత్తో తోస్తే ఊగేది. అప్పుడే వేసవి గాలివాన వచ్చింది. సాయంత్రం ఆకాశం నల్లబడగానే నేను చీర కొంగు బిగించి, ఇంట్లో ఉన్న తాళ్ళన్నీ పట్టుకుని స్థలం దగ్గరికి పరుగెత్తాను. మేస్త్రీ అప్పటికే అక్కడున్నాడు. ఇద్దరం మాట్లాడుకోకుండా మూలమూలకూ తాళ్ళు కట్టాం. ఒక్క డబ్బా ఎగిరి పక్కవాళ్ళ కోళ్ళ గూటి మీద పడింది. మిగతావి నిలబడ్డాయి.

ఆ తర్వాత నాకు ముట్ల పిచ్చి పట్టింది. ముట్లంటే గోడ వాలకుండా పక్క నుంచి ఏటవాలుగా పెట్టే ఊతకర్రలు. పచ్చి కాంక్రీటు నీళ్ళలాగే పక్కలకు తోస్తుందనీ, ఒక్కసారిగా నింపితే థర్మోకోల్ చీలిపోతుందనీ ఇంజనీర్ పదేపదే చెప్పాడు. మూడడుగుల ఎత్తు చొప్పున ఇంటి చుట్టూ తిరుగుతూ పోయాలి, అది కాస్త బిగిసేదాకా ఆగాలి, అప్పుడే పై వరస. పోసేటప్పుడు గోడ కింద ఎవరూ నిలబడకూడదు. కాంక్రీటును పైపులోకి తోసే పంపు నడిపేవాడికి గోడ అవతలి మూల కనిపించదు కాబట్టి, పరంజి మీద ఒకరు నిలబడి చూసి చెప్పాలి, ఆ ఒక్కరి మాటే వినాలి. ఆపాలంటే ‘రోకో’ అనాలని మాట అనుకున్నాం. పరంజి మీద నిలబడాల్సింది మా తమ్ముడు. కానీ పోత రోజు పొద్దున వాడి బస్సు దారిలో చెడిపోయింది.

మా ఆయన రాత్రి డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వచ్చాడు. నేను వద్దన్నాను. మేస్త్రీ పైపు పట్టుకోవాలి, నాకు పరంజి ఎక్కితే కళ్ళు తిరుగుతాయి, కలిపిన కాంక్రీటు ఆగదు. ఆయన ఇంకేమీ వినకుండా పైకెక్కాడు. రోజూ బళ్ళకు జెండా చూపించేవాడికి ఇదేం పని అన్నాడు. ఉద్యోగమంతా హిందీలోనే చేసిన మనిషి. నేను ఒప్పుకున్నాను.

మొదటి చుట్టు బాగానే సాగింది. ఆగాం, చాయ్ తాగాం. రెండో చుట్టు మొదలై పోత వెనక మూలకు వచ్చేసరికి, దూరంగా నిలబడ్డ నాకు గోడ పొట్ట ఉబ్బుతున్నట్టు కనిపించింది. అదే క్షణంలో ఆయనా చూశాడు. చెయ్యెత్తి గట్టిగా అరిచాడు.

“చాలు! చాలు!”

పంపు దగ్గరున్న కుర్రాడిది రాయ్‌పూర్ అవతలి ఊరు. తెలుగు ముక్క రాదు. హిందీలో చాలూ అంటే నడిపించు అని. అతను తల ఊపి, చప్పుడు పెంచి, ఇంకాస్త జోరుగా వదిలాడు. మా ఆయన మళ్ళీ చాలు చాలు అని అరిచాడు. ఎంత అరిస్తే అంత వదిలాడు. నేను ‘రోకో’ అని పరుగెత్తేలోపే మూల ఫట్‌మని చీలింది. బూడిదరంగు ముద్ద పరంజి కాళ్ళ మీదికి కుమ్మరించుకుంది, ఆయన నిలబడ్డ చెక్క పక్కకు వాలింది. ఆయన జారి మోకాళ్ళ దాకా కాంక్రీటులో పడ్డాడు.

బయటికి లాగి, ప్యాంటు పైకి మడిచి, డ్రమ్ములో నీళ్ళన్నీ కాళ్ళ మీద పోశాం. పచ్చి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. ఎంత కడిగినా ఒక పిక్క ఎర్రగా పొక్కింది. ఎముకలేవీ విరగలేదు. అది తెలిశాక నాకు నోరు వచ్చింది. పంపు కుర్రాణ్ణి హిందీలో, మేస్త్రీని వచ్చిన నాలుగు ముక్కల హల్బీలో, ఎవరినో తెలియకుండా తెలుగులో కడిగేశాను. ఆ కుర్రాడు తెల్లబోయి, “ఆప్ హీ తో బోలే, చాలూ చాలూ,” అన్నాడు. మీరే కదా నడపమన్నారు అని.

మా ఆయన ఇసుక కుప్ప మీద కూర్చుని నా వంక చూశాడు.

“నాను రోకో అననేదేటి?” అని అడిగాడు.

ఆయన నిజంగానే అలా అన్నాననుకుంటున్నాడు. నా కోపమంతా ఎక్కడికో పోయింది. స్టేషన్‌లో తన పేరు వినపడని మనిషి ఇక్కడ తన నోటి మాటే తను వినలేకపోయాడు. ఇది పరంజి మీద కాకుండా పట్టాల పక్కన జరిగి ఉంటే అన్న ఆలోచన వచ్చి, అక్కడే నిలబడి ఆయన తలను నా పొట్టకు అదుముకున్నాను, అందరూ చూస్తున్నా సరే. ఆయన సిమెంటు చేతులతో నా చీర పట్టుకున్నాడు, అంతే.

కాంక్రీటు బిగిసేలోపు మేస్త్రీ ఆ మూలను తవ్వి శుభ్రం చేశాడు. చీలిన డబ్బాలు తీసి కొత్తవి పెట్టి, రెండు వైపులా ప్లైవుడ్ బిగించి, నేను అడగకుండానే ముట్లు రెట్టింపు చేశాడు. తర్వాతి పోతకు ఎవరూ నోరు తెరవకూడదని నేనే నిర్ణయించాను. నా దగ్గరున్న జాకెట్టు ముక్కల్లోంచి ఒక ఎర్రదీ ఒక పచ్చదీ తీసి కర్రలకు కట్టాను. ఎర్ర గుడ్డ లేస్తే ఆగాలి, పచ్చ గుడ్డ లేస్తే నడపాలి, మాటలు చెల్లవు. పంపు కుర్రాడు ఆనందంగా ఒప్పుకున్నాడు. ఈసారి పరంజి మీద మా తమ్ముడు, పంపుకు ఎదురుగా గుడ్డలతో నేను. మా ఆయన కట్టు కట్టిన కాలు చాపుకుని దూరంగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. జెండా అలగ పట్టకూడదే, భుజం ఎత్తు ఉండాలే అని నాకు పాఠాలు చెబుతూనే ఉన్నాడు. గోడ నిండింది, మూల నిలబడింది. ఆ సాయంత్రం నేను గుడ్డలు కింద పెట్టబోతే వేళ్ళు కర్రలకు పట్టేసినట్టు తెరుచుకోలేదు.

మిగతా పని నిదానంగా నడిచింది. ఎండకు థర్మోకోల్ పొడి రాలుతుందని బయట ప్లాస్టర్ త్వరగా చేయించాం. లోపల జాలీ, దాని మీద ప్లాస్టర్. రోడ్డు వైపు కిటికీ పెట్టనివ్వలేదు. మిగతా కిటికీల సందులన్నీ నేనే వేలు పెట్టి చూశాను, గాలి తగిలిన చోట మళ్ళీ మూయించాను. మేస్త్రీ నన్ను చూస్తే పక్కకు తప్పుకునే స్థితికి వచ్చాడు. ఈలోగా ఆయన కాలు మానింది, మళ్ళీ డ్యూటీకి పోవడం మొదలుపెట్టాడు. వెళ్ళిన ప్రతి రాత్రీ నేను మంచం మీద అటూ ఇటూ దొర్లుతూ, పొద్దున గేటు చప్పుడు కోసం ఎదురుచూసేదాన్ని.

పాలు పొంగించిన తర్వాతి రోజు ఆయన రాత్రి డ్యూటీ దిగి కొత్త ఇంటికి వచ్చాడు. తిన్నాడు, వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. నేను వంటింట్లో నిలబడ్డాను. పాత ఇంట్లో ఆయన మంచం మీద పక్కకు తిరిగినా నాకు వినిపించేది. ఇక్కడ ఏమీ వినిపించలేదు. పడుకున్నాడా, కూర్చున్నాడా, రేకులు లేవు కాబట్టి స్లాబు వంక చూస్తున్నాడా, తెలియదు. ఉండబట్టలేక మెల్లగా తలుపు తీసి చూశాను. గోడ వైపు తిరిగి ఉన్నాడు, ముఖం కనిపించలేదు. వచ్చేశాను. గిన్నెలు కడిగాను. మళ్ళీ వెళ్ళాను. అలాగే ఉన్నాడు. కదలకపోయేసరికి ఇంకో భయం పట్టుకుంది, దగ్గరికి పోయి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఊపిరి తగిలింది. బయటికొచ్చి గుమ్మంలో కూర్చున్నాను. లేచాను. మిక్సీ వేద్దామనుకుని మానేశాను. మధ్యాహ్నం ఒక లారీ వీధి మొదట్లో ఇరుక్కుని ఎంతసేపు హారన్ కొట్టిందో చెప్పలేను. నేను గదిలోకి పరుగెత్తాను. ఆయన నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది.

సాయంత్రం డ్యూటీ వేళ దగ్గరపడింది. ఎప్పుడూ నేను లేపాల్సిన అవసరం రాలేదు, అప్పటికే కళ్ళు తెరిచి ఉండేవాడు. పిలిచాను, పలకలేదు. భుజం పట్టుకుని ఊపాను. ఇంకొంచెం గట్టిగా ఊపాను. కళ్ళు తెరిచి, ఎక్కడున్నాడో తెలియనట్టు గోడ వంక చూశాడు.

“ఇయాల బందేటే?” అని అడిగాడు.

మా రోడ్డు మీద లారీలు పూర్తిగా ఆగేది ఎవరో బంద్‌కు పిలుపిచ్చిన రోజే. నేను తలుపు బార్లా తెరిచాను. బయటి మోతంతా ఒక్కసారిగా గదిలోకి వచ్చిపడింది.

“బంద్ ఏం లేదండీ, అన్నీ తిరుగుతనే ఉన్నయ్. లేవుండ్రి, డ్యూటీ టైమైంది,” అన్నాను.

ఆయన ముఖం చిట్లించి, దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

“తలుపెయ్యే. ఇంకొక్క నిముసం పడుకోనీ,” అన్నాడు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నిద్ర కోసం నన్ను బతిమాలడం అదే మొదటిసారి. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తలుపు వేశాను.